వడదెబ్బకు సెలైన్ బాటిల్ కంటే ముందు బిందెడు నీళ్లు

ఆదోని వైపు ఒక పీహెచ్‌సీలో డాక్టర్‌గా పనిచేస్తున్నాను. ఏప్రిల్ వచ్చిందంటే ఓపీలో సగం మాటలు ఎండ గురించే. ఎండ గురించి జనం నమ్మేవాటిలో కొన్నింటివల్ల ఏ నష్టమూ లేదు, కొన్ని మాత్రం ప్రాణం తీస్తాయి. ప్రాణం తీసేవి ముందు చెప్తాను.

అపోహ: "మేడం, ముందు ఒక బాటిల్ ఎక్కించండి, దిగిపోతుంది"

సెలైన్ చేసే పని ఒంట్లో తగ్గిన నీటిని, ఉప్పును పూడ్చడం. ఒంట్లో వేడిని దించడానికి దాన్ని నమ్ముకోకూడదు. అసలైన వడదెబ్బలో ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారెన్‌హీట్ దాటుతుంది. మాట తడబడుతుంది, మనిషి తూలతాడు, సంబంధం లేకుండా మాట్లాడతాడు, ఫిట్స్ రావచ్చు, స్పృహ పోవచ్చు. ఆ వేడి ఒంట్లో ఎంతసేపు నిలిస్తే మెదడు, కిడ్నీలు, లివర్ అంతగా దెబ్బతింటాయి. అరగంటలోపు వేడి దించగలిగితే బతికే అవకాశం చాలా ఎక్కువ. మా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ఆ అరగంటను ఆటోలోనో, ఊళ్లో ఆర్‌ఎంపీ మంచం మీదో పోగొట్టుకుని వస్తారు. సూది, బాటిల్ కనబడితేనే వైద్యం జరిగినట్టు అనుకోవడం మనకు బాగా అలవాటైపోయింది.

మనిషి తికమకగా మాట్లాడుతున్నాడంటే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా ఊరికే నిలబడొద్దు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తల నుంచి కాళ్లదాకా బిందెలతో నీళ్లు పోస్తూ టవల్‌తో గట్టిగా విసరండి. మన రాయలసీమలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి త్వరగా ఆరుతుంది, ఆరుతూ ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టండి. పొలంలోనో, నాపరాయి గనిలోనో పనిచేస్తూ కూలినవాళ్లయితే పక్కనున్న నీళ్ల తొట్టిలో మెడదాకా ఉంచి, తల పైకి పట్టుకోవడం అన్నింటికంటే మేలు. ఆటోలోనే తీసుకురావాల్సి వస్తే ఒక క్యాన్ నీళ్లు ఎక్కించుకుని దారి పొడుగునా తడుపుతూ రండి.

అపోహ: "కాగిన ఒంటి మీద చన్నీళ్లు పడితే పక్షవాతం వస్తుంది"

రాదు. ఈ భయంతోనే ఇంట్లోవాళ్లు తడిగుడ్డతో ముఖం తుడిచి ఆపేస్తారు. వడదెబ్బకు అసలు మందు చన్నీళ్లే. భయపడాల్సింది నోట్లో పోసే నీళ్లకు. స్పృహ సరిగ్గా లేనివాళ్లకు తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

డోలో మాత్ర కూడా వేయకండి. జ్వరంలో ఒంటి వేడిని మెదడే కావాలని పెంచుతుంది, పారాసిటమాల్ అక్కడ పనిచేసి దాన్ని దించుతుంది. వడదెబ్బలో వేడి బయటినుంచి, పనివల్ల చేరినది. మాత్రతో అది తగ్గదు, పైగా అప్పటికే దెబ్బతింటున్న లివర్‌కు ఇంకో భారం.

అపోహ: "చెమటలు పడుతున్నాయి కదా, వడదెబ్బ కాదులే"

ఇంట్లో కూర్చున్న ముసలివాళ్లకు వచ్చే వడదెబ్బలో ఒళ్లు పొడిగా కాలుతుండటం ఎక్కువ. కష్టం చేస్తూ పడిపోయినవాళ్లకు చొక్కా తడిసి ఉండగానే వడదెబ్బ తగులుతుంది. చూడాల్సింది చెమటను కాదు, మనిషి తెలివిని. పేరు, ఊరు అడగండి. జవాబు అటూఇటూగా ఉంటే వడదెబ్బ అనే అనుకుని నీళ్లు పోయడం మొదలుపెట్టండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మన పొడిగాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. "నాకు చెమటే పట్టలేదు మేడం" అన్న మనిషి ఒంట్లోంచి గంటకు లీటరు నీళ్లు పోయి ఉండొచ్చు. దాహం కోసం ఎదురుచూడకుండా తాగాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే తాగింది చాలలేదు.

అపోహ: "మాకు ఈ ఎండలు అలవాటే"

అలవాటు అవుతుంది, అబద్ధం కాదు. రోజూ ఎండలో పనిచేస్తే ఒకటి రెండు వారాల్లో ఒళ్లు సర్దుకుంటుంది. కానీ కొన్ని వారాలు దూరంగా ఉంటే ఆ అలవాటు పోతుంది. మా వైపు జనం పనికోసం బెంగళూరు వలసపోతారు. ఆ చల్లటి ఊర్లో నెలల తరబడి ఉండి, మే నెలలో పెళ్లికో జాతరకో వచ్చి, మరుసటి రోజే ఉపాధి పనికి గుంతలు తవ్వడానికి పోయే కుర్రాళ్ల గురించే నాకు టెన్షన్. మొదటి వారం పని సగం చేసి, మెల్లగా పెంచుకోవాలి.

ఇంకో సంగతి. ఫోన్‌లో కనిపించే డిగ్రీలు నీడలో కొలిచినవి. ఎండలో నిలబడిన మనిషికి, కాగిన బండల మధ్య పనిచేసే మనిషికి తగిలే వేడి అంతకంటే ఎక్కువ. అలాగని డిగ్రీలే అంతా కాదు. 2015 మే వడగాడ్పుల్లో మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోతే, ఎక్కువమంది ప్రకాశం, గుంటూరు లాంటి కోస్తా జిల్లాలవాళ్లు. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. కాబట్టి మన ఊళ్లో ఒకరోజు మబ్బు పట్టి ఉక్కపోసిందంటే డిగ్రీలు తగ్గాయని ధీమా పడొద్దు.

అపోహ: "ఇంట్లో ఉంటే ఏమీ కాదు"

రేకుల ఇంట్లో మధ్యాహ్నం పడుకున్న అవ్వకు ఏమైనా కావచ్చు. గది వేడి 40 దాటాక ఫ్యాన్ తిప్పేది వేడిగాలినే, ఒట్టి ఒంటికి అది చేటు. చీర తడిపి కప్పుకుని ఫ్యాన్ కింద ఉంటే అదే ఫ్యాన్ మేలు చేస్తుంది. నీళ్లు పోవడానికి బీపీ మాత్ర వాడేవాళ్లు, మానసిక జబ్బుల మందులు వాడేవాళ్లు వేసవిలో ఒకసారి డాక్టర్‌కు చూపించుకోవాలి. మాత్రలు సొంతంగా మాత్రం ఆపకండి.

అపోహ: "జోబులో ఎర్రగడ్డ (ఉల్లిపాయ) పెట్టుకుంటే వడదెబ్బ తగలదు"

కర్నూలు మార్కెట్‌లో ఎర్రగడ్డల గుట్టల మధ్య మూటలు మోసే హమాలీలకూ వడదెబ్బ తగులుతుంది. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. మజ్జిగన్నంలో నంజుకుని తినండి, బాగుంటుంది.

తాగేవాటి సంగతి: ఉప్పేసిన మజ్జిగ, రాగి అంబలి మంచివే. నన్నారి షర్బత్ రుచికి సరే, షుగర్ ఉన్నవాళ్లకు కాదు. బీరు చలవ అన్నది తాగేవాళ్లు కట్టిన కథ, అది నీళ్లను బయటికి తోస్తుంది. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుకు చెంచా చొప్పున కలిపితే పాళ్లు తప్పుతాయి. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకున్న తియ్యటి డబ్బా డ్రింకులు వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాటి మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది.

అపోహ: "పిడుగు పడ్డ మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుంది"

ఎండ మండిన రోజే సాయంత్రం ఈదురుగాలి, పిడుగులు వచ్చేది కూడా ఈ నెలల్లోనే. గొర్రెల కాపరులు చెట్టు కిందికి పరుగెత్తుతారు, అదే తప్పు. ఉరుము వినబడిందంటే పిడుగు మన దాకా రాగలదని అర్థం. పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. దామిని యాప్ ఫోన్‌లో ఉంటే చుట్టుపక్కల పడుతున్న పిడుగులు తెలుస్తాయి. పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు మిగలదు. గుండె ఆగి పడి ఉన్నా, వెంటనే ఛాతీ మీద గట్టిగా, వేగంగా నొక్కుతుంటే బతికేవాళ్లున్నారు. ముట్టుకోవడానికి భయపడి 108 వచ్చేదాకా దూరంగా నిలబడొద్దు.