కసిమికి భక్తి తెలియదు: కలంకారీ పనిలో అపోహలు – వాస్తవాలు

శ్రీకాళహస్తిలో బట్ట మీద దేవుళ్లను రాసి బతుకుతాను. "గీసి" అనకుండా "రాసి" అని కావాలనే అంటున్నాను. కలంకారీ అనేది పారసీ పేరు. తెలుగులో ఈ పనిని వ్రాతపని అనేవారు. నేర్చుకోవడానికి వచ్చేవారు, చీరలు కొనడానికి వచ్చేవారు నన్ను రంగుల గురించి అడిగేది తక్కువ. "బొమ్మ మొదలుపెట్టే ముందు ధ్యానం చేస్తారా? ఉపవాసం ఉంటారా? గీస్తున్నప్పుడు ఏమైనా కనిపిస్తుందా?" అనే ప్రశ్నలే ఎక్కువ. గుడి ఉన్న ఊరు, పురాణాల బొమ్మలు, ఆకులూ వేర్లూ ఉడికించి తీసిన రంగులు. ఈ మూడూ ఒకచోట చేరేసరికి మా పని చుట్టూ సాంబ్రాణి పొగ కమ్ముకుంది. నేను ఇరవై ఏళ్లకు పైగా కలం పట్టుకుంటున్నాను, అంతకు ముందు నుంచీ పూజ చేసుకుంటున్నాను. ఈ రెండింటికీ సంబంధం ఉంది. అది చాలామంది వెతికే చోట మాత్రం లేదు.

అపోహ: భక్తి ఉంటే చాలు, గీత దానంతట అదే వస్తుంది

కసిమికి భక్తి తెలియదు. ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చే నీళ్లే కసిమి. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి పట్టించిన బట్టకు అది తగలగానే కరక్కాయలోని వగరుతో కలిసి నల్లబడుతుంది. పాలలోని కొవ్వు ఆ నలుపును పాకనివ్వకుండా పట్టి ఉంచుతుంది. చింతపుల్ల బొగ్గుతో వేసిన గీత నచ్చకపోతే దులిపేయవచ్చు. కసిమి చుక్క పడిందంటే మాత్రం ఆ బట్ట ఉన్నంతకాలం ఉంటుంది.

నేర్చుకునే రోజుల్లో ఒకసారి రాముడి చెంప మీద అలాంటి చుక్క పడింది. అంతకు గంట ముందే లలితా సహస్రనామం పూర్తిగా చదివి కూర్చున్నాను. మా గురువుగారు బట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "వెయ్యి నామాలు చదివావు, కలం ఒక్కసారి విదిలించుకోలేకపోయావు" అన్నారు.

కలం అంటే మొన చెక్కిన వెదురు పుల్ల. మొనకు కొంచెం పైన గుడ్డ చుట్టి నూలు దారంతో బిగిస్తాం. ఆ చుట్ట రంగును పీల్చుకుని ఉంచుకుంటుంది. వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు మొనకు దిగుతుంది. ఆ నొక్కు చేతికి పట్టుబడడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నన్ను దేవుళ్ల జోలికి పోనివ్వలేదు. తీగలు, అంచులు, ముత్యాల వరుసలే పని. ఒకే పరిమాణంలో, ఒకే ఎడంతో చుక్కలు, మూరల కొద్దీ. మొదట్లో ఏడుపు వచ్చేది.

కొన్ని నెలల తర్వాత ఒక సంగతి గమనించాను. జపమాల తిప్పుతూ కూర్చుంటే పదో పూస దాటకముందే నా మనసు వంటింట్లోకి పోయేది. ముత్యాల వరుస పెట్టేటప్పుడు అలా పోవడం మానేసింది. పోతే చుక్క చెడుతుంది, చెడితే ఆ మూర అంతా వృథా. ఆ భయంతో కుదిరిన నిలకడ నెమ్మదిగా జపంలోకీ వచ్చింది. జపం వల్ల చేయి కుదురుతుందని అందరూ అంటారు. నా విషయంలో ముందు కుదిరింది చేయి.

అపోహ: ధ్యానంలో బొమ్మ కనిపిస్తుంది, దాన్ని బట్ట మీదకు దించడమే తరువాయి

నాకు ఇంతవరకూ ఏదీ కనిపించలేదు. కనిపించేవారు ఉండవచ్చు, వారి అనుభవాన్ని నేను కాదనను. మా పనిలో ధ్యానం అనే మాటకు మామూలు అర్థం ఒకటి ఉంది. దేవతలకు ధ్యాన శ్లోకాలు ఉంటాయి. ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏముంది, ఒంటి రంగు ఏది, ఎలా కూర్చున్నారు, ముఖంలో భావం ఏమిటి అన్నది ఆ శ్లోకం చెబుతుంది. శిల్పులైనా చిత్రకారులైనా దాని నుంచే మొదలుపెడతారు.

"శుక్లాంబరధరం విష్ణుం శశివర్ణం చతుర్భుజం, ప్రసన్నవదనం ధ్యాయేత్..." తెలుగిళ్లలో చాలామంది పిల్లల నోటికి వచ్చే మొదటి శ్లోకం ఇదే. వినాయకుడి పూజలో చదువుతాం కనుక వినాయకుడిదే అనుకుంటాం. అందులో తొండం లేదు, ఏనుగు ముఖం లేదు, "విష్ణుం" అని మాత్రం ఉంది. పెద్దలు దీనికి సమన్వయం చెబుతారు. నాకు అసలు ఆ ప్రశ్నే ఎన్నడూ తట్టలేదు, రోజూ చదువుతున్నా సరే.

ఒక పెద్దావిడ తన పూజగదికి ఈ శ్లోకాన్నే బొమ్మగా రాసివ్వమని అడిగినప్పుడు తట్టింది. బొగ్గు పుల్ల పట్టుకుని బట్ట ముందు కూర్చున్నాను. తెల్లని వస్త్రం, సరే. చంద్రుడి రంగు ఒళ్లు. విష్ణువుకు మేం వేసేది నీలం, మరి చంద్రుడి రంగు ఎక్కడి నుంచి తేవాలి? నాలుగు చేతులు, సరే. వాటిలో ఏముండాలో ఈ శ్లోకం చెప్పదు, శంఖ చక్రాలు నేను చేర్చుకోవలసిందే. ప్రసన్నవదనం. అక్కడ మూడు రోజులు ఆగిపోయాను.

పెదవి చివర నూలుపోగంత పైకి తిప్పితే వేళాకోళం చేస్తున్నట్టుంది. తిప్పకపోతే అలిగినట్టుంది. నిండుగా నవ్వు పెడితే పెళ్లి ఫొటోలో పెళ్లికొడుకు అయ్యాడు. పాత కాగితాల మీద పాతిక ముఖాలు వేసి ఉంటాను. చివరకు పెదవుల సంగతి వదిలేసి, కనుబొమల మధ్య ఎడం కాస్త పెంచి, వాటి వంపు తగ్గించాను. ముఖం తేరుకుంది. ప్రసన్నత నోట్లో లేదని, నుదుటి కింద ఉందని అన్నేళ్ల పారాయణంలో నాకు తెలియలేదు.

రంగు సంగతి గురువుగారిని అడిగాను. "తెలుపు వేయడానికి మన దగ్గర తెల్ల రంగు ఎక్కడుంది? వదిలెయ్యి" అన్నారు. ఇది పని తెలిసినవారికే అర్థమయ్యే మాట, కాబట్టి కొంచెం విప్పి చెబుతాను. కలంకారీలో తెలుపు అంటే ఏ రంగూ ఎక్కని బట్ట. కరక్కాయ పట్టించగానే బట్ట పసుపుబారుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు రాసి, తర్వాత బట్ట మొత్తాన్ని చిరువేరు, మంజిష్ఠ వంటివి వేసిన నీళ్లలో ఉడికిస్తాం. పటిక ఉన్నచోట ఎరుపు నిలుస్తుంది, లేని చోట కూడా మకిలి అంటుతుంది. ఆ మకిలి పోవడానికి బట్టను పేడ నీళ్లలో నానబెట్టి, ఏటి ఒడ్డున ఎండలో పరిచి, ఆరిపోకుండా నీళ్లు చిలకరిస్తూ రోజుల తరబడి చూసుకోవాలి. స్వర్ణముఖిలో నీళ్లు లేని నెలల్లో బోరు నీళ్లతోనే చేయాలి, ఆ నీటి గుణాన్ని బట్టి రంగూ మారుతుంది. అన్ని రోజులూ తెలుపు కోసం చేయగలిగింది కాచుకుని ఉండడమే. శశివర్ణం అలా వచ్చింది, నేను ఒక్క చుక్క రంగు వేయకుండా.

ఇప్పుడు ఆ శ్లోకం చదువుతుంటే కనుబొమల దగ్గర నాకు తెలియకుండానే ఆగుతాను. ఇంట్లోవాళ్లు నేను మరిచిపోయానేమో అనుకుని మిగతా సగం అందిస్తారు.

అపోహ: మడి, నియమం పాటించేవారే దేవుడి బొమ్మ రాయాలి

ఈ మాట అనేవారు ఒకసారి మా పెరట్లో నిలబడి వాసన చూడాలి. పులిసిన ఇనుము, ఎండలో ఆరుతున్న పాల గుడ్డ, పేడ నీళ్లు. మడి బట్టతో ఆ పక్కకు రాలేరు.

వాసన మాట పక్కన పెట్టినా, ఇది కన్నప్ప ఊరు. బోయవాడు నోటితో నీళ్లు తెచ్చి అభిషేకం చేశాడు, వేటాడిన మాంసం నైవేద్యం పెట్టాడు, చివరకు కన్ను పెకలించి ఇచ్చాడు. గుడి పక్కనే ఆయన పేరున కొండ ఉంది. ఆ కొండ కింద కూర్చుని ఎవరికి శుచి ఉందో, ఎవరికి లేదో తేల్చడం నా వల్ల కాదు. ఇక మచిలీపట్నం వైపు చూస్తే, గోల్కొండ సుల్తానుల కాలంలో అక్కడి కలంకారీ పారశీక దేశానికి వెళ్లింది. నమాజు చేసుకునే జానమాజ్‌ల మీద మిహ్రాబు (మసీదు గోడలో ప్రార్థన దిక్కు చూపే గూడు) కమాను, పూలమొక్కలు వేశారు. శ్రీకాళహస్తి చేతులు ఏసుక్రీస్తు జీవితాన్నీ, బుద్ధుడి కథలనూ రాశాయి. వాళ్లందరికీ కరక్కాయ ఒకటే, పటిక ఒకటే.

నేను మాత్రం స్నానం చేసి, దీపం పెట్టి, తర్వాతే కూర్చుంటాను. అది నా అలవాటు. నా దగ్గర నేర్చుకున్న వారిలో దేవుడు లేడని చెప్పే అబ్బాయి ఒకడున్నాడు. వాడు రాసిన హనుమంతుడి తోకలో ఉన్న ఊపు నాకు ఇంకా రాలేదు. ఈ విషయంలో దేవుడిని అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలి ఉంది.

అపోహ: చేతిపని మనసుకు ప్రశాంతతనిస్తుంది

సెలవుల్లో రెండు రోజుల శిక్షణకు వచ్చేవారికి ఇస్తుందేమో. జీవనానికి చేసేవారికి నడుము నొప్పి ఇస్తుంది, మబ్బు పట్టిన రోజున కోపం ఇస్తుంది. మా ఊరి పేరులో శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడూ శివుణ్ణి కొలిచినవే. సాలీడు తన దారంతో స్వామికి గుడి అల్లింది. ఒక విధంగా ఈ ఊళ్లో మొదటి కళాకారుడు అదే. ఆ గూడు దీపం మంటకు కాలిపోతే అది శాంతంగా కూర్చోలేదు, దీపాన్నే మింగబోయింది. బట్ట చెడిన రోజున నాకు ఆ కథ గుర్తొస్తుంది, ఓదార్పుగానే ఉంటుంది.

అపోహ: సంప్రదాయం అంటే నకలు తీయడమే, సొంత భావానికి చోటు లేదు

ముందు ఒక చిన్న చరిత్ర. గుళ్ల ఆదరణ తగ్గి ఈ పని అడుగంటిన దశలో, 1950లలో హస్తకళల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ మొదలైంది. కొన్ని కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుకుకు వెళ్లే విద్య బయటివారికీ, తర్వాత ఆడవాళ్లకూ అందింది. ఈ ఊరి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చేనాటికి మా పనిలో ఎన్నో కొత్త చేతులు ఉన్నాయి. అనాదిగా ఒక్క గీత మారకుండా వచ్చిందని చెప్పుకోవడం బాగుంటుంది, కానీ నిజం కాదు.

ఇక సొంత భావం. పెద్ద రామాయణం బట్ట ఎలా ఉంటుందో చూడండి. నడుమ పట్టాభిషేకం, చుట్టూ వరుసలుగా గళ్లు, బొమ్మల కింద తెలుగులో కథ. ఎన్ని గళ్లు పడతాయో బట్ట కొలత చెబుతుంది. వాటిలోకి ఏ ఘట్టం రావాలో, ఏది పోవాలో రాసేవారే తేల్చుకోవాలి. ఇరవై నాలుగు వేల శ్లోకాల కథను నలభై గళ్లలో చెప్పమంటే ఎవరి మనసైనా బయటపడుతుంది. మా గురువుగారి బట్టల్లో గుహుడి పడవకు ఎప్పుడూ రెండు గళ్లు ఉండేవి, యుద్ధకాండ కుదించుకుపోయేది. నా బట్టల్లో శబరి చోటు ఆక్రమిస్తుంది. ముందే అనుకుని చేసింది కాదు. పారాయణంలో ప్రతిసారీ నా గొంతు అక్కడే పట్టేస్తుంది, బట్ట మీదా అక్కడే చేయి ఆగుతుంది. పూజగదిలో జరిగేది పనిలోకి ఎలా దిగుతుందని ఎవరైనా అడిగితే నేను చూపించగలిగింది ఆ శబరి గడినే.

అపోహ: డబ్బుకు అమ్మితే అది సాధన కాదు

గుడికి రాసిన రోజుల్లో కూడా పూట గడవాలిగా. దీని మీద నేను ఇంతకంటే మాట్లాడను. అమ్మకంలో నేను పెట్టుకున్న హద్దు ఒకటే: దిండు గలీబు మీద, కాలి కింద పట్టా మీద దేవుణ్ణి రాయను, తీగలూ నెమళ్లూ రాసిస్తాను. ఎవరూ పెట్టిన నియమం కాదది, నా చేయి ఒప్పుకోదు, అంతే.

కొనేవారికి ఒక సూచన. పెడన వైపు చెక్క అచ్చులతో వేసేది కూడా అసలైన కలంకారీయే, దాన్ని తక్కువగా చూడనక్కరలేదు. ఆ పేరు పెట్టి మిల్లులో ముద్రించిన గుడ్డ వేరు. అందులో ఒకే పువ్వు వెంట్రుకవాసి తేడా లేకుండా వందసార్లు వస్తుంది. చేతితో రాసిన చీరలో ఏ రెండు పూలూ కవలలు కావు, కొత్త గుడ్డకు పాల వాసన కూడా వస్తుంది.

అపోహ: కళ్లు అన్నింటికంటే చివర తెరవాలి

శిల్పులకు అలాంటి ఆచారం ఉంది. విగ్రహం పూర్తయ్యాక నయనోన్మీలనం చేస్తారు. ఆ మాట విని, మేమూ అలాగే చేస్తామని చాలామంది అనుకుంటారు. మా పనిలో నల్ల గీత ముందు పడుతుంది, రంగులు తర్వాత వస్తాయి. కాబట్టి కళ్లు మొదటి విడతలోనే తెరుచుకుంటాయి. చివర్లో ఆ నలుపుకు మెరుగు దిద్దుతాం, అంతే. కళ్లు తెరిచిన ఆ స్వామినే తీసుకెళ్లి నీళ్లలో జాడిస్తాం, గంగాళంలో ఉడికిస్తాం, పేడ నీళ్లలో ముంచుతాం, ఇసుక మీద ఎండలో పడుకోబెడతాం. మొదటిసారి ఉడికించేటప్పుడు నేను చెంపలు వేసుకున్నాను. ఇప్పుడు కర్రతో కలియబెడుతూ, ఆయన మొహం పైకి తేలినప్పుడల్లా కనుబొమలు సరిగా ఉన్నాయా అని చూసుకుంటాను.