గుడ్లు పెట్టే చోటు

అమెరికా వెళ్ళిన మనవాళ్ళలో అరిజోనాలోని హార్స్‌షూ బెండ్ దగ్గర ఫొటో దిగనివాళ్ళు తక్కువ. గుర్రపు నాడాలా మెలి తిరిగిన లోయ, అడుగున పచ్చగా మెరిసే కొలరాడో నది. ఆ పచ్చదనం నదికి పుట్టుకతో వచ్చింది కాదు. స్పానిష్‌లో కొలరాడో అంటే ఎర్రనిది. ఒకప్పుడు ఒండ్రు కలుపుకుని ఎర్రగా పారేది. కాస్త ఎగువన గ్లెన్ కెన్యన్ డ్యామ్ కట్టి 1963లో నీళ్ళు నిలపడం మొదలెట్టాక ఒండ్రంతా రిజర్వాయర్‌లోనే ఆగిపోయింది. దాని లోతుల్లోంచి తేటనీళ్ళు, అవీ చల్లటివి, కిందికి వస్తున్నాయి.

నీళ్ళు తేటపడితే నాచు పెరుగుతుంది, నాచు తినే పురుగులూ పెరగాలి. అలా జరగలేదు. నది బాగుందో లేదో చూడాలంటే రాయి తిరగేసి మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్‌ఫ్లై (నీళ్ళలో పెరిగి, తర్వాత రెక్కలొచ్చి ఎగిరే పురుగులు) పిల్లల కోసం వెతుకుతారు. డ్యామ్‌కు దిగువనున్న గ్రాండ్ కెన్యన్‌లో వందల కిలోమీటర్ల పొడవునా అవి దాదాపు లేవు. వచ్చి కలిసే వాగుల్లో మాత్రం ఉన్నాయి. చలి ఒక కారణమే కానీ, అసలు చిక్కు కరెంటుతో వచ్చింది.

కరెంటు వాడకం పగలు ఎక్కువ, అర్ధరాత్రి తక్కువ. దాన్ని బట్టే టర్బైన్లలోకి నీళ్ళు వదులుతారు. దాంతో సముద్రం ఊసే లేని ఎడారిలో నదికి రోజూ ఆటుపోట్లు!

ఇప్పుడు ఒక ఆడ మేఫ్లైని చూద్దాం. రెక్కలొచ్చాక అది బతికేది ఒకటి రెండు రోజులు. తిండి కూడా తినదు. బేటిస్ రకమైతే నీళ్ళలోంచి పైకి తేలిన రాయి మీద వాలి, రెక్కలు ముడిచి, రాయిని పట్టుకునే నీళ్ళలోకి దిగుతుంది. రాతికి గసగసాలకన్నా చిన్న గుడ్లను వరసగా అతికిస్తుంది. అవి పిల్లలు కావాలంటే రోజులు పడుతుంది. రాత్రి నీళ్ళు తగ్గితే తెల్లారేసరికి ఆ రాయి గట్టున ఉంటుంది. ఎడారి గాలికి గుడ్లు ఎండిపోతాయి. తల్లి చేసిన తప్పేమీ లేదు, తరతరాలుగా పెట్టిన చోటే పెట్టింది.

ఇది తేల్చడానికి యూఎస్ జియలాజికల్ సర్వే శాస్త్రవేత్తలు రాఫ్టింగ్ గైడ్ల సాయం తీసుకున్నారు. పొద్దుగూకాక ఒడ్డున ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో ఆల్కహాల్, అంచున చిన్న లైటు. గంట తర్వాత మూత పెట్టేయడమే. పరికరం ఎంత సాదాగా ఉందో చూడండి. 2012 నుంచి మూడేళ్ళలో ఇలా 2,500కు పైగా నమూనాలు పోగయ్యాయి. వాటిలో మిడ్జ్‌లు, అంటే దోమల్లా ఉండి కుట్టని పురుగులు, ఒకచోట బోలెడు, ఇంకోచోట కొద్దిగా ఉన్నాయి. డ్యామ్ వదిలిన అల దిగువకు చేరడానికి టైం పడుతుంది కదా, అందుకే ఒకే సాయంత్రం ఒక మలుపులో నీళ్ళు ఎక్కువగా, మరో మలుపులో తక్కువగా ఉంటాయి. సంధ్యవేళ నీళ్ళు తగ్గి ఉండే చోట్లే మిడ్జ్‌లు ఎక్కువ. అప్పుడు పెట్టిన గుడ్లు ఆ తర్వాత బయటపడవు మరి. ఈ ఫలితాలు 2016లో వచ్చాయి.

ఇంతకీ అక్కడ నిలదొక్కుకున్నవి ఏవి? రొయ్యకు చుట్టం లాంటి గామరస్ ఒకటి. ట్రౌట్ చేపలకు మేతగా ఉంటుందని 1960ల్లో మనుషులే తెచ్చి వదిలారు. అది గుడ్లను పొట్ట కింద సంచిలో మోసుకు తిరుగుతుంది. తర్వాత చొరబడిన న్యూజిలాండ్ మట్టి నత్త ఏకంగా పిల్లల్నే కంటుంది. ఒడ్డుతో పనిలేనివాటికి ఆటుపోట్ల టెన్షన్ లేదు.

2018లో మే నుంచి ఆగస్టు వరకు ఒక ప్రయోగం చేశారు. శని, ఆదివారాల్లో కరెంటు వాడకం ఎలాగూ తక్కువే కాబట్టి ఆ రెండు రోజులూ నీళ్ళను తక్కువ మట్టంలో కదలకుండా ఉంచారు. మిగతా రోజుల్లో నది హెచ్చుతగ్గులు మామూలే, కానీ ఆ మట్టానికి కిందికి దిగనివ్వలేదు. వారాంతంలో పెట్టిన గుడ్లు వారమంతా నీళ్ళలోనే ఉన్నాయి. ఆ ఏడాది కాడిస్‌ఫ్లైలు మునుపటికన్నా బాగా కనిపించాయి. శని, ఆదివారాల్లో గాలాలకు ట్రౌట్లు కూడా ఎక్కువ పడ్డాయట. 2019, 2020 వేసవుల్లోనూ వారాంతాల్లో నీటిని అలాగే నిలిపారు.