పాలపన్ను వేరు ఎక్కడికి పోయింది?

ఊడిన పాలపన్నును అరచేతిలో పెట్టుకుని ఎప్పుడైనా తిప్పి చూశారా? మొన్న మా పాప కింది ముందుపన్ను ఊడినప్పుడు నేను చూశాను. పైన తెల్లగా, నున్నగా ఉంది. కింద మాత్రం వేరు లేదు. గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉన్న అంచు, మధ్యలో చిన్న గుంట, ఒక చుక్క రక్తం, అంతే. పన్ను విరిగి వేరు లోపలే ఉండిపోయిందేమోనని చాలామంది తల్లిదండ్రులు టెన్షన్ పడతారు. మామూలుగా లోపల ఏమీ మిగలదు. ఆ వేరు కరిగిపోయింది.

పాలపన్నుకీ నిండు వేరు ఉంటుంది. దవడపళ్లకైతే రెండు మూడు ఉంటాయి. అడుగున ఎముకలో తయారవుతున్న శాశ్వత దంతం పైకి జరిగే కొద్దీ, ఎముకను కరిగించే కణాల లాంటివే కొన్ని పాలపన్ను వేరు దగ్గర చేరి, ఆమ్లంతో, ఎంజైములతో దాన్ని కొద్దికొద్దిగా కరిగించేస్తాయి. ఈ పని ఏకబిగిన జరగదు. కొన్నాళ్లు కరుగుతుంది, కొన్నాళ్లు ఆగుతుంది. కదులుతున్న పన్ను ఒక్కోసారి మళ్లీ గట్టిపడినట్టు అనిపించేది అందుకే. అడుగున రావలసిన పన్ను అసలు పుట్టకపోతే, పాలపన్ను పెద్దయ్యాక కూడా నోట్లో ఉండిపోవచ్చు.

ఒకసారి ఊడగొట్టి మళ్లీ మొలిపించడం దేనికి? ఎముక పెరుగుతుంది, పన్ను పెరగదు, చిక్కంతా అక్కడే ఉంది. పన్ను పైనుండే ఎనామిల్ మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికి అంతరించిపోతాయి. ఆ తర్వాత పన్ను ఒక్క పిసరు కూడా వెడల్పు కాదు, అరిగితే ఎనామిల్ మళ్లీ పుట్టదు. పసివాడి చిన్న దవడలో 32 పెద్ద పళ్లు పట్టవు. అందుకే ముందు 20 చిన్నవి, తర్వాత పెద్దవి. సొరచేపకు జీవితాంతం కొత్త పళ్లు వరసగా వస్తూనే ఉంటాయి. మనకు రెండు విడతలే.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఈ పని ఎంత ముందుగా మొదలవుతుందన్నది. తల్లి కడుపులో ఆరో వారానికే పాలపళ్ల మొగ్గలకు పునాది పడుతుంది. మొదటి శాశ్వత దవడపన్ను గట్టిపడడం బిడ్డ పుట్టే సమయానికి మొదలవుతుంది, అది బయటికొచ్చేది మాత్రం ఆరేళ్లకు. ఎనామిల్ రోజుకింత చొప్పున పొరలుగా పేరుకుంటుంది. పాలపన్నును పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఒక ప్రత్యేకమైన గీత కనిపిస్తుంది. బిడ్డ పుట్టినప్పుడు ఒంట్లో వచ్చిన పెద్ద మార్పు అక్కడ పడ్డ గుర్తు అది.

ఎముక జీవితాంతం మారుతూ ఉంటుంది. ఎనామిల్‌లో చేరింది చాలావరకు అక్కడే నిలిచిపోతుంది. ఈ గుణమే ఒకప్పుడు పెద్ద అక్కరకొచ్చింది. అణ్వాయుధ పరీక్షల వల్ల గాలిలోకి ఎగిసిన స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం గడ్డి మీద పడి, ఆవు పాలలో చేరి, పిల్లల ఒంట్లోకి వెళ్లేది. శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో, పళ్లలో పెట్టుకుంటుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో 1958లో డాక్టర్ లూయీస్ రీస్, ఆమె తోటి శాస్త్రవేత్తలు, పౌరులు కలిసి ఊడిన పాలపళ్లను సేకరించడం మొదలుపెట్టారు. చివరికి సుమారు 3 లక్షల పళ్లు పోగయ్యాయి. పరీక్షలు పెరిగిన ఏళ్లలో పుట్టిన పిల్లల పళ్లలో స్ట్రాన్షియం-90 కూడా పెరిగిందని తేలింది. గాలిలో అణు పరీక్షలను నిషేధిస్తూ 1963లో ఒప్పందం కుదిరిన కాలంలో, ఆ ప్రమాదానికి ఈ పళ్లు కళ్లెదుటి సాక్ష్యంగా నిలిచాయి.

ఇంత చెప్పాక, "పాలపళ్లే కదా, ఎలాగూ ఊడేవే" అన్న మాట వింటే బాధేస్తుంది. వాటి ఎనామిల్ పలచన, లోపలి గుజ్జు పెద్దది. పుచ్చు మొదలైతే నరం దాకా త్వరగా చేరుతుంది. పైగా పాలపన్ను రాబోయే పన్నుకు చోటు కాస్తుంది. పాల దవడపన్ను ముందే పోతే పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, తర్వాత వచ్చేది దారి దొరక్క వంకరగా మొలుస్తుంది.

ఆరేళ్లప్పుడు నోట్లో బాగా వెనక్కి చూడండి. పాలపళ్ల వరస వెనక, ఏ పన్నూ ఊడకుండానే, పెద్ద దవడపన్ను ఒకటి వస్తుంది. ఊడింది లేదు కాబట్టి చాలామంది దీన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. ఇది ముసలితనం దాకా ఉండాల్సిన పన్ను. మొలుస్తున్నన్నాళ్లూ పక్కపళ్ల కంటే కిందుగా ఉంటుంది కాబట్టి బ్రష్ దానికి సరిగా అందదు. పైన లోతైన గాడులుంటాయి. ముందుగా పుచ్చిపోయే శాశ్వత దంతాల్లో ఇదొకటి.

ఇక ముందుపళ్లు. కొత్తగా వచ్చినవి రంపం అంచులా మూడు మొనలతో, పాలపళ్ల పక్కన పచ్చగా, మొహానికి మరీ పెద్దవిగా కనిపిస్తాయి. మొనలు నమలగా నమలగా అరిగిపోతాయి. పైపళ్ల మధ్య సందు చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. పదకొండు, పన్నెండేళ్లప్పుడు కోరపళ్లు దిగుతూ పక్కపళ్లను మధ్యకు నెడతాయి. చాలామంది పిల్లల్లో ఆ సందు దానంతటదే మూసుకుపోతుంది.