జేబులో పట్టే పిస్తోలు గురించి పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

డల్లాస్‌లో చదువుకుంటున్న ఇద్దరికీ, అక్కడే పుట్టి పెరిగి ఇరవై ఒకటి నిండబోతున్న చిన్నదానికీ, హైదరాబాద్‌లో ఉన్న మిగతా పిల్లలకూ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. మీరంతా అడిగింది ఒకటే మరి: ఆత్మరక్షణకి పెద్ద తుపాకీ ఎందుకు, జేబులో పట్టే చిన్న పిస్తోలు చాలదా అని. చిన్న పిస్తోలు మనిషి ప్రాణం తీయగలదు. మీద పడుతున్న మనిషిని అక్కడికక్కడే ఆపుతుందన్న భరోసా మాత్రం లేదు. దుకాణంలో అద్దాల బల్ల ముందు నిలబడి ముచ్చటపడే వాళ్లలో చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

ముందు దాని మంచి చెబుతాను, ఆ మంచి నిజమైనదే. ఇంట్లో బీరువాలో ఉన్న తుపాకీ దారిలో అక్కరకు రాదు. టెక్సస్ ఎండల్లో టీషర్టుతో తిరిగే మనిషి 700 గ్రాముల పిస్తోలు రోజంతా నడుముకి కట్టుకోవడం కష్టం. నాలుగు రోజులు మోసి ఐదో రోజు ఇంట్లో పెట్టేస్తాడు. కెల్‌టెక్ పీ-32 అనే జేబు పిస్తోలు తూటాలు లేకుండా 190 గ్రాములు కూడా తూగదు. రూగర్ ఎల్‌సీపీ సుమారు 270 గ్రాములు, మ్యాగజైన్‌లో (పిడిలోకి దూర్చే తూటాల డబ్బా) ఆరు, ఛాంబర్‌లో (పేలబోయే తూటా కూర్చునే అర) ఒకటి పడతాయి. ఈ ఆలోచన కొత్తదీ కాదు. జాన్ బ్రౌనింగ్ 1905 నాటికే కోటు లోపలి జేబులో ఇమిడే పిస్తోలునీ, దానికోసం 6.35 మిల్లీమీటర్ల తూటానీ తయారుచేశాడు. అమెరికాలో .25 ఏసీపీ అంటారు దాన్నే, .25 అంటే తూటా వెడల్పు సుమారుగా అంగుళంలో పావు వంతని; కింద వచ్చే .22, .32 లాంటి అంకెలూ అలాంటివే. కోల్ట్ కంపెనీ 1908 నుంచి అలాంటి పిస్తోలు అమ్మింది.

ఇక బలం సంగతి. .22 తూటాలో బుల్లెట్ బరువు 2.6 గ్రాములు, రెండంగుళాల బ్యారెల్ (గొట్టం) నుంచి వెళ్తే దాని శక్తి సుమారు 100 జౌళ్లు. .25కి 90 లోపే. .32 ఏసీపీకి 170, .380కి పొట్టి బ్యారెల్ నుంచి 200 పైన. పోలీసులు వాడే 9 మి.మీ. తూటాకి 450 దాటుతుంది. ఈ అంకెలు ఎంత చిన్నవో తెలియాలంటే, గంటకి 145 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతిలో 130 జౌళ్ల దాకా ఉంటాయి. .22 బుల్లెట్‌లో అంత కూడా లేదు. అయినా బంతి కమిలించి వదిలేస్తుంది, బుల్లెట్ లోపలికి దిగిపోతుంది. కాబట్టి చూడాల్సింది ఎంత లోతుకి దిగుతుంది, దారిలో ఏం తగులుతుంది అన్నవి. 1986 ఏప్రిల్‌లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఎఫ్‌బీఐ వాళ్లు కాల్చిన ఒక 9 మి.మీ. బుల్లెట్ దుండగుడి గుండెకి కాస్త ముందే ఆగిపోయింది. అతను ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు, ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. అప్పటినుంచి ఎఫ్‌బీఐ పది శాతం జెలటిన్ దిమ్మల్లోకి కాల్చి, కనీసం 12 అంగుళాలు, ఎక్కువలో ఎక్కువ 18 అంగుళాలు దిగాలన్న కొలత పెట్టుకుంది.

జేబు పిస్తోళ్లు తడబడేది ఈ కొలత దగ్గరే. ముందు భాగం బోలుగా ఉండి ఒంట్లో పువ్వులా విచ్చుకునే బుల్లెట్‌కి వేగం కావాలి. పొట్టి బ్యారెల్ ఆ వేగం ఇవ్వలేదు. మందపాటి జీన్స్ గుడ్డ ఆ బోలులో కూరుకుంటే అసలు విచ్చుకోదు, విచ్చుకుంటేనేమో ఎనిమిది, తొమ్మిది అంగుళాలకే ఆగిపోతుంది. అందుకే .25, .32 వాడేవాళ్లలో అనుభవం ఉన్నవాళ్లు విచ్చుకోని రాగి తొడుగు బుల్లెట్‌నే ఎంచుకుంటారు. చిన్న రంధ్రమే పడినా లోతుకి పోతుందని. నా లెక్కలో కూడా అదే సరైన పని.

1981 మార్చి 30న వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిపింది .22 రివాల్వర్‌తో, రోమ్ అనే కంపెనీ చేసిన చవక రకం. రెండు సెకన్లు కూడా పట్టకుండా ఆరు తూటాలు పేలాయి, నలుగురు గాయపడ్డారు. రీగన్‌కి కారుకి తగిలి పక్కకి తిరిగిన బుల్లెట్ తగిలింది. తనకి తగిలిందని ఆయనకి మొదట తెలియలేదు, ఆసుపత్రి గుమ్మం లోపలికి తన కాళ్ల మీదే నడిచి వెళ్లాడు. బుల్లెట్ గుండెకి అంగుళం దూరంలో ఆగిందని, ఒంట్లోంచి చాలా రక్తం పోయిందని తర్వాత తేలింది. అదే కాల్పుల్లో గాయపడిన ఆయన పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రేడీ జీవితాంతం చక్రాల కుర్చీకే పరిమితమయ్యాడు. ఆ బుల్లెట్ రీగన్ ప్రాణం మీదికి తెచ్చింది, ఆయన నడకని మాత్రం ఆపలేదు. ఆ నడిచి వెళ్లినవాడు మీ మీదికి కత్తితో వస్తున్నవాడైతే ఏమయ్యేదో ఆలోచించండి. ఇక చిన్న తూటాని ఆటవస్తువు అనుకునేవాళ్లు గాంధీగారిని చంపింది కూడా .380 బెరెటా పిస్తోలేనని గుర్తుపెట్టుకోవాలి.

చిన్నదానికి ఇంకో మాట. ఆడపిల్లకి, కొత్తగా నేర్చుకునేవాళ్లకి చిన్న పిస్తోలు సులువని దుకాణాల్లో చెబుతారు. నమ్మకమ్మా. చేతికి అంత కష్టమైనది ఇంకోటి లేదు. పిడి పొట్టిది కాబట్టి రెండు వేళ్లే పడతాయి, చిటికెన వేలు గాల్లో వేలాడుతుంది. బరువు లేదు కాబట్టి .380 కూడా అరచేతిని కొట్టినట్టు తంతుంది, యాభై తూటాలు కాల్చేసరికి బొటనవేలి మొదట్లో చర్మం ఎర్రబడుతుంది. గురి చూసుకునే ముందు గుర్తుకీ వెనక గుర్తుకీ మధ్య నాలుగంగుళాలే కావడంతో, చేతిలో వెంట్రుకవాసి తేడా ఏడు గజాల దగ్గర అంగుళాల తప్పుగా మారుతుంది. ట్రిగ్గర్ పొడుగ్గా, బిగువుగా లాగాలి. లాగే లోపు పిస్తోలు మూతి పక్కకి తిరుగుతుంది.

మణికట్టు వదులైతే ఇంకో తంటా. పేలిన తూటా విసురుకి స్లైడ్ (పిస్తోలు పైన ముందుకీ వెనక్కీ జరిగే లోహపు భాగం) వెనక్కి రావాలంటే పిడి కదలకుండా నిలవాలి. చెయ్యి కూడా దాంతోపాటే వెనక్కి పోతే స్లైడ్ సగంలోనే ఆగుతుంది, ఖాళీ తూటా బయటికి రాకుండా నిలువుగా ఇరుక్కుంటుంది. పాత రకం .32, .380 పిస్తోళ్లలో బ్యారెల్‌కి తాళం లాంటి ఏర్పాటు ఉండదు, స్లైడ్ బరువూ స్ప్రింగు బిగువూ కలిసి పేలుడుని ఆపుతాయి. అందుకే ఆ స్లైడ్ లాగాలంటే మంచి బలం కావాలి. చేతివేళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి అది జరగని పని. బెరెటా వాళ్లు 21ఏ బాబ్‌క్యాట్‌లో దీనికో ఉపాయం పెట్టారు: మీట నొక్కితే బ్యారెల్ వెనక కొస పైకి లేస్తుంది, మొదటి తూటా నేరుగా అందులో పెట్టి మూసేయొచ్చు, స్లైడ్ లాగక్కర్లేదు. ఇంత తెలివైన ఏర్పాటు తక్కువ తుపాకుల్లో ఉంది.

తూటా దగ్గర వచ్చే లోపాలు రెండు బాగా తెలుసుకోండి. .22 తూటాకి నిప్పు పుట్టించే మందు అడుగున అంచు చుట్టూ ఉంటుంది. ఆ అంచులో మందు సరిగా పరుచుకోని చోట సుత్తి పడితే పేలదు. రివాల్వర్ అయితే మళ్లీ ట్రిగ్గర్ లాగితే తర్వాతి తూటా వస్తుంది, పిస్తోలైతే స్లైడ్ లాగి ఆ తూటాని బయటికి పారేయాలి. సాధన చేసేటప్పుడైతే పేలని తూటాని వెంటనే తీయకండి, మూతి గురి వైపే ఉంచి అర నిమిషం ఆగండి, ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. ఈ బాధ లేకుండా మందు మధ్యలో పెట్టి చేశారు కాబట్టే, బలం .22 కన్నా తక్కువైనా .25 ఇన్నేళ్లు నిలిచింది. రెండోది .32లో వస్తుంది. దాని అడుగు అంచు కాస్త బయటికి పొడుచుకుని ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందుండాలి. బోలు బుల్లెట్ తూటా పొట్టిది కాబట్టి మ్యాగజైన్‌లో ముందు ఖాళీ మిగులుతుంది, కుదుపుకి పై తూటా వెనక్కి జారి దాని అంచు కిందిదాని వెనక పడుతుంది. ఇక అది ముందుకి కదలదు. స్లైడ్ ఎంత లాగినా లాభం లేదు, మ్యాగజైన్ బయటికి తీసి ఖాళీ చేసి మళ్లీ నింపాల్సిందే. అంత తీరిక ఆ క్షణంలో ఎవరికీ ఉండదు.

జేబు కూడా ఒక సమస్యే. ట్రిగ్గర్‌ని పూర్తిగా మూసే జేబు హోల్‌స్టర్ (ఒర) లేకుండా పిస్తోలు జేబులో వేయకూడదు, ఆ జేబులో తాళంచెవులు, పెన్ను, చిల్లర ఏదీ ఉండకూడదు. తీసేటప్పుడు హోల్‌స్టర్ జేబులోనే ఉండిపోవాలి, పిస్తోలు ఒక్కటే రావాలి. ఖాళీ పిస్తోలుతో అద్దం ముందు ఇది పరీక్షించుకోవచ్చు. చెమటకి తుప్పు పడుతుంది, గుడ్డ నూగు బ్యారెల్‌లోనూ సుత్తి చుట్టూ చేరుతుంది. రెండు వారాలకోసారి విప్పి బ్రష్‌తో తుడవాలి. కింద పడితే పేలే ప్రమాదం ఉందని 2008లో, విడుదలైన ఏడాదే, రూగర్ కంపెనీ మొదటి ఎల్‌సీపీలని వెనక్కి పిలిపించి బాగుచేసింది. ఎవరి దగ్గరైనా పాతది కొనేముందు దాని సీరియల్ నంబరు ఆ జాబితాలో ఉందేమో చూడాలి. ఏ పిస్తోలైనా కనీసం 200 తూటాలు ఒక్కసారి కూడా ఇరుక్కోకుండా పేలాకే దాన్ని నమ్మాలి.

2018లో సిగ్ పీ365 అనే పిస్తోలు వచ్చాక ఈ లెక్కంతా మారింది. 500 గ్రాముల్లో 9 మి.మీ. తూటాలు పదకొండు పడతాయి. మోయగలిగినవాళ్లకి అదే మేలని నా ఉద్దేశం. చేతి బలం లేనివాళ్లకి, బట్టలు ఒప్పుకోనివాళ్లకి .32 మిగులుతుంది, అదీ నెలనెలా యాభై తూటాలు కాల్చి చేతికి అలవాటు చేసుకుంటేనే.

హైదరాబాద్ పిల్లలూ, మన దగ్గర అంతా .32 గురించే మాట్లాడుకుంటారు. దానికి కారణం చట్టం. 9 మి.మీ., .38, .45 మామూలు పౌరులకి నిషిద్ధ బోర్ (గొట్టం లోపలి కొలత) కింద ఉన్నాయి. కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన నిర్భీక్ రివాల్వర్ కూడా .32దే, అర కిలో బరువు, అప్పటి ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. ఆ రివాల్వర్ తూటా, .32 ఏసీపీ పిస్తోలు తూటా వేర్వేరు. అంకె ఒకటే కదా అని ఒకదానిది ఇంకోదాంట్లో పెట్టకూడదు. 21 ఏళ్లు నిండందే లైసెన్సు రాదు. పెళ్లి ఊరేగింపులో సరదాకి గాల్లోకి కాల్చి ఎవరి ప్రాణం మీదికైనా తెస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు.

డల్లాస్‌లో ఉన్న ఇద్దరికీ అన్నిటికన్నా ముఖ్యమైనది. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 దాటినవాళ్లకి పర్మిట్ లేకుండానే చేతితుపాకీ మోయొచ్చని మీ స్నేహితులు చెప్పే ఉంటారు. అది మీకు వర్తించదు. ఎఫ్-1, హెచ్-1బీ వంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. షూటింగ్ రేంజికి పోయి అద్దె పిస్తోలు చేత్తో పట్టుకున్నా అదే లెక్క కిందికి వస్తుంది. శిక్ష పదిహేనేళ్ల దాకా ఉండొచ్చు, వీసా సంగతి సరేసరి. రూమ్మేటు తుపాకీ మీ గదిలో దాచమంటే ఒప్పుకోకండి, అతని కారులో మీ సీటు కింద తూటాల డబ్బా ఉన్నా దిగిపోండి.

ఇరవై ఒకటి నిండాక చిన్నదానికి ఏ అడ్డంకీ లేదు. కొనే రోజున పిస్తోలుతో పాటే గోడకి బిగించే చిన్న లాకర్ కూడా కొనుక్కో, పసిపిల్లలు వచ్చిపోయే ఇల్లు మీది. హ్యాండ్‌బ్యాగులో పెట్టి సోఫా మీద వదిలే అలవాటు మొదటిరోజు నుంచే వద్దు. ఖాళీ చేసేటప్పుడు ముందు మ్యాగజైన్ బయటికి తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ వెనక్కి లాగాలి, ఛాంబర్‌లోకి చూసి చిటికెన వేలితో తడిమి చూసుకోవాలి. వరస తప్పి స్లైడ్ ముందు లాగితే, మ్యాగజైన్‌లోని తూటా ఇంకోటి ఛాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది.

మీ పెదనాన్న