యూరియా బస్తాకు సముద్రపు నాచు ఎట్లా అంటుకుంది?

యూరియా కొరత వచ్చిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాని వెంటే లింకు గొడవ కూడా వస్తుంది. బస్తా కావాలంటే పక్కన ఒక మందు డబ్బా కొనాలి. ఆ డబ్బాల్లో చాలావాటి మీద ‘సముద్రపు నాచు’ అని రాసి ఉంటుంది. దేవరకొండ చెలకల్లోని పత్తికి ఆ నాచు ఎట్లా చేరిందో తెలియాలంటే 2021ని చూడాలి.

అంతకుముందు ఈ మందులకు అడ్డూ అదుపూ లేదు. అటు పురుగుమందుల చట్టం కిందికి గానీ, ఇటు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి గానీ వచ్చేవి కావు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం వీటిని ‘బయో స్టిమ్యులెంట్లు’గా, అంటే మొక్క ఎదుగుదలకు ఊతమిచ్చే మందులుగా, ఆ ఉత్తర్వులో చేర్చి, పొలంలో పనితీరు, విషప్రభావం పరీక్షించి చూపాలంది. మంచి పనే. కానీ అప్పటికే అమ్ముతున్న వాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే తాత్కాలిక అనుమతి ఇచ్చింది. రెండేళ్లకని ఇచ్చిన ఆ వెసులుబాటు గడువు పెంచుతూ పెంచుతూ 2025 జూన్ దాకా సాగింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. పరీక్ష పూర్తికాని సరుకుకు సర్కారు కాగితం దొరికింది. ‘పర్మిషన్ ఉంది’ అని షాపులో అంటే రైతు ఏం జవాబు చెప్తాడు?

ఒకప్పుడు ఇలాంటి మందులు సుమారు 30 వేల రకాలు అమ్ముడయ్యేవని, తర్వాత 8 వేలు మిగిలాయని, తనిఖీలు బిగించాక 650కి తగ్గాయని 2025 జూలైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ చెప్పారు. పోయిన వేల రకాలకు డబ్బు కట్టింది రైతులే.

తప్పు నాచుది కాదు. భావ్‌నగర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ కప్పాఫైకస్ అనే ఎర్ర నాచును 1980లలో మన దేశానికి తెచ్చింది. ఇప్పుడు రామేశ్వరం వైపు మత్స్యకార మహిళలు వెదురు తెప్పలకు కట్టి దాన్ని పెంచుతారు. వేరు లేని ఆ నాచు ఒళ్లంతటితో ఉప్పునీటి నుంచి పొటాష్ పీల్చుకుంటుంది. పచ్చిగా నలిపి తీసిన రసంలో పొటాష్‌తో పాటు మొక్క ఎదుగుదలకు పనికొచ్చే హార్మోన్లూ ఉంటాయి. నత్రజని మాత్రం నామమాత్రం. ఎరువులు వేసిన పైరుకు అది తోడు, అంతే. యూరియా చేసే పని అది చేయలేదు.

కంపెనీలే తమకు అంటగడుతున్నాయని, వద్దంటే యూరియా లోడు రాదని డీలర్లు అంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ ఆ భారం దిగేది లైన్లో నిలబడ్డ కౌలురైతు మీద. 45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. డబ్బాకు అంతకంటే ఎక్కువే పోతోందని రైతులు చెబుతున్నారు. లింకు పెట్టొద్దని కేంద్రం 2025లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఇప్పుడు లైన్లో ఉన్న రైతు ప్రతి డబ్బాకూ బిల్లు అడగాలి. అది చేతిలో ఉంటేనే వ్యవసాయాధికారి దగ్గర ఫిర్యాదు నిలుస్తుంది.