వ్యాపార ఖర్చులు, ఆదాయపు పన్ను: అపోహలు - వాస్తవాలు

మార్చి ముగిసి లెక్కలు సర్దే వేళ వ్యాపారులలో చాలామంది నా బల్ల మీద ముందుగా పెట్టేది బిల్లుల సంచి. అడిగితే గాని చెప్పనిది ఆ ఖర్చు ఎందుకు పెట్టారన్నది. చట్టం మాత్రం ఆ రెండో సంగతినే ముందు అడుగుతుంది. ఇక్కడ చెప్పే సెక్షన్లు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 చట్టంలో ఈ సంఖ్యలు వేరు.

అపోహ: బిల్లు ఉంటే ఖర్చు చెల్లుతుంది, అంటే పన్ను లెక్కలో ఆదాయంలోంచి తగ్గుతుంది.

వాస్తవం: డబ్బు ఖర్చయిందనడానికే బిల్లు సాక్ష్యం. సెక్షన్ 37(1) ప్రకారం అది సొంత ఖర్చు గాని మూలధన వ్యయం గాని కాకుండా, పూర్తిగా వ్యాపార ప్రయోజనం కోసమే పెట్టినదై ఉండాలి. అందువల్ల కుటుంబ విహారయాత్ర టికెట్లకు ఎంత పక్కా బిల్లు ఉన్నా అది సొంతవాడకమే అవుతుంది. యంత్రం ఖరీదు ఒకేసారి ఖర్చు కింద రాక, తరుగుదలగా ఏటా కొంత వస్తుంది. ఇంటికీ వ్యాపారానికీ వాడే కారు విషయంలో వ్యాపారపు వాటాకే మినహాయింపు దొరుకుతుంది.

అపోహ: అవసరం లేని ఖర్చని అధికారి భావిస్తే కొట్టివేయవచ్చు.

వాస్తవం: 1961 చట్టపు ముసాయిదాలో ఖర్చు 'అవసరమైనదై' ఉండాలన్న మాట చేర్చి, వ్యతిరేకత రావడంతో తొలగించారు, ఈ సంగతిని సుప్రీంకోర్టు 1979లో సాసూన్ జె. డేవిడ్ కేసులో ప్రస్తావించింది. ఖర్చు వ్యాపారం కోసమేనా అని అధికారి అడగవచ్చు గాని, అది లేకుండా గడవదా అని నిలదీయడానికి వీల్లేదు. అయితే భార్యకో తమ్ముడికో ఇచ్చే జీతం మార్కెట్ స్థాయిని మించితే, మించిన మేరకు 40ఎ(2) కింద తిరస్కరించవచ్చు.

అపోహ: నగదును చిన్న వోచర్లుగా విడగొడితే ఇబ్బంది లేదు.

వాస్తవం: ఒకే రోజు ఒకే వ్యక్తికి ఇచ్చిన నగదు అంతా కలిపి 10,000 రూపాయలు దాటితే, దాటిన భాగం మాత్రమే కాదు, ఆ మొత్తమంతా చెల్లదు. లారీ కిరాయికి ఈ పరిమితి 35,000 రూపాయలు. రైతు నుంచి నేరుగా కొన్న పంటకు సడలింపు ఉంది. ఒకే చేతిరాతలో 9,900 రూపాయల వోచర్లు వరసగా కనిపిస్తే, అధికారి దాకా ఎందుకు, ముందు నాకే అనుమానం వస్తుంది.

అపోహ: పుస్తకాల్లో రాసిన ఖర్చు ఆ ఏడాది ఆదాయంలోంచే తగ్గుతుంది.

వాస్తవం: టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయవలసిన చోట కోయకపోతే, దేశంలో నివసించేవారికి చేసిన చెల్లింపుల్లో 30 శాతం ఆ ఏడాదికి తిరస్కరణకు గురవుతుంది. సూక్ష్మ, చిన్న తరహా సంస్థలకు ఇవ్వవలసిన బాకీని, ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులకు మించకుండా చెల్లించకపోతే, అసలు చెల్లించిన ఏడాదిలోనే మినహాయింపు వస్తుంది; 43బి సెక్షన్‌లోని ఈ నిబంధన 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి అమల్లో ఉంది.

చట్టాన్ని ఉల్లంఘించినందుకు కట్టిన జరిమానా గాని, లంచం గాని, లాభం మీద కట్టిన ఆదాయపు పన్ను గాని వ్యాపార ఖర్చు కావు. వ్యాపారం చేయకపోతే ఇవి వచ్చేవా అని ఎందరో నాతో వాదించారు, కానీ చట్టం ఆ వాదనకు చోటివ్వలేదు.