ఢిల్లీలో స్వాతంత్య్ర స్మారకాలు: తిరుపతి యాత్రికుల అపోహలు - వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి బడిపిల్లల్ని, కుటుంబాల్ని ఢిల్లీకి తీసుకెళ్లే పని మాది. రైలెక్కే ముందే కొన్ని అపోహలు తొలగిపోతే అక్కడ రోజు వృథా కాదు.

అపోహ: ఇండియా గేటు స్వాతంత్య్ర సమరయోధుల కోసం కట్టింది.

కాదు. దానికి 1921 ఫిబ్రవరి 10న శంకుస్థాపన జరిగింది, 1931 ఫిబ్రవరి 12న ఆవిష్కరించారు. రెండూ తెల్లదొరల ఏలుబడిలోనే. మొదటి ప్రపంచ యుద్ధంలో, మూడో అఫ్గాన్ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యం తరఫున పోరాడి చనిపోయినవాళ్ల స్మారకం అది. ఎత్తు 42 మీటర్లు. రూపకర్త ఎడ్విన్ లుటియెన్స్. రాతి మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కారు. పైన పెద్ద అక్షరాల్లో మెసొపొటేమియా, గల్లిపోలి అని ఉంటుంది. పిల్లల చేత ఆ పేర్లు చదివించండి. మనవాళ్లు ఎవరి యుద్ధం కోసం ఎంత దూరం పోయి ప్రాణాలు విడిచారో అర్థమైతే ఆ రాయికి విలువ పెరుగుతుందే గానీ తగ్గదు.

అపోహ: అమర సైనికుల కోసం వెలిగే అమర్ జవాన్ జ్యోతి ఇండియా గేటు తోరణం కిందే ఉంది.

1972 జనవరి 26 నుంచి అక్కడ వెలిగిన మాట నిజమే. 2022 జనవరి 21న దాన్ని పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపారు. చాలామంది తోరణం ముందు ఫొటో దిగి వెనక్కి తిరిగేస్తారు. అసలు నిలబడి చూడాల్సిన చోటు వదిలేసి వచ్చేస్తున్నారని మా బాధ. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఆ స్మారకానికి ప్రవేశం ఉచితం. నాలుగు వలయాలుగా ఉంటుంది: అమర చక్రం, వీరతా చక్రం, త్యాగ చక్రం, రక్షక చక్రం. నడుమ స్తంభం, దాని అడుగున జ్యోతి. త్యాగ చక్రం గోడల్లోని గ్రానైట్ పలకల మీద, స్వాతంత్య్రం వచ్చాక ప్రాణాలిచ్చిన 25 వేల మందికి పైగా సైనికుల పేర్లు ఉన్నాయి. మీ ఊరి జవాను పేరు వెతకాలంటే ఉత్త పేరుతో కష్టం. ఒకే పేరుతో చాలామంది ఉంటారు. రెజిమెంటు, సర్వీసు నంబరు, చనిపోయిన సంవత్సరం ఆ ఇంటివాళ్లను అడిగి రాసుకుని వెళ్లండి. పొద్దు వాలే వేళకు వెళ్తే ఎండా తగ్గుతుంది, దీపాలూ వెలుగుతాయి.

ఇండియా గేటు వెనక మండపంలోని నేతాజీ విగ్రహం కూడా చూడండి. 2022 సెప్టెంబరు 8న ఆవిష్కరించారు, ఎత్తు 28 అడుగులు. దాన్ని చెక్కిన 280 టన్నుల ఏకశిల మన ఖమ్మం నుంచే 140 చక్రాల లారీలో వెళ్లింది.

అపోహ: 1947 ఆగస్టు 15న నెహ్రూ ఎర్రకోట మీద జెండా ఎగరేశారు.

పాఠం అప్పజెప్పినట్టు అందరూ చెప్పే మాట ఇది. ఆ రోజు సాయంత్రం జెండా ఎగిరింది ఇండియా గేటు దగ్గర ప్రిన్సెస్ పార్కులో. ఎర్రకోట మీద ఎగరేసింది మర్నాడు, 16న. అంతమాత్రాన కోట ప్రాధాన్యం తగ్గదు. 1858లో చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్‌ను విచారించిందీ, 1945లో నేతాజీ సైన్యమైన ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌లను విచారించిందీ అక్కడే. అందుకే పాలరాతి మహళ్లతో సరిపెట్టకుండా, బ్రిటిష్ బ్యారక్‌లలో 2019 జనవరిలో తెరిచిన నేతాజీ, 1857, జలియన్‌వాలాబాగ్ మ్యూజియాలకు కనీసం గంటన్నర కేటాయించండి. కోట మొత్తానికి మూడు గంటలు. సోమవారం సెలవు, టూరు ఖరారు చేసేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే. తిరుమలలోలాగా ఫోను డిపాజిట్ చేయాల్సిన పని లేదు గానీ, పెద్ద బ్యాగులతో, టిఫిన్ క్యారియర్లతో వెళ్తే తనిఖీ దగ్గరే ఆగిపోతారు. సామాను మీరు దిగిన గదిలోనే పెట్టి రండి.

అపోహ: ఆగస్టు 15కో, సంక్రాంతి సెలవులకో వెళ్తే బాగుంటుంది.

ఆగస్టు 15కు ముందు కొన్ని రోజులు భద్రత కోసం కోటలోకి సందర్శకుల్ని రానివ్వరు. వేడుక రోజున టికెట్టో ఆహ్వానమో ఉంటేనే లోపలికి. ఇక సంక్రాంతికి రెండు చిక్కులు: పొగమంచుకు ఉత్తరాది రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, రిపబ్లిక్ డే రిహార్సళ్లకు ఇండియా గేటు ముందుండే కర్తవ్యపథ్ (పాత రాజ్‌పథ్) చుట్టుపక్కల దారులు మూస్తారు. దసరా సెలవులే మేలు.

తిరుపతి నుంచి సంపర్క్ క్రాంతి రైలెక్కితే హజ్రత్ నిజాముద్దీన్‌లో దిగుతారు. అక్కడ పింక్ లైను మెట్రో ఎక్కి, లజపత్ నగర్‌లో వయొలెట్ లైనుకు మారితే నేరుగా ఎర్రకోట దగ్గరి లాల్ ఖిలా స్టేషను. ఉదయం కోట చూసుకుని, అదే లైనులో వెనక్కి వచ్చి ఖాన్ మార్కెట్‌లో దిగి, ఆటోలో ఇండియా గేటుకు చేరండి. ఇండియా గేటుకు ఆనుకుని మెట్రో స్టేషను లేదు. పెద్దవాళ్లుంటే ఆ చివరి దూరం నడిపించకండి, స్మారకంలో తిరగడానికి వాళ్ల కాళ్లలో సత్తువ మిగలాలి.